మూసా చెప్పిన మాట

ఆ ఏడు సముద్రంలో చేపల వేట నిషేధం మొదలైన మూడో రోజున మేమిద్దరం ఉప్పాడ చేరాం. సామర్లకోటలో రైలు దిగి పిఠాపురం మీదుగా ఆటోలో వస్తుంటే, మా ఆయన గణేష్‌బాబు దారి పొడవునా ఎక్కేవాళ్ళనీ దిగేవాళ్ళనీ చూస్తూనే ఉన్నారు. కొత్తపల్లి దగ్గర ఒక ముసలావిడ దిగి పక్క సందులోకి వెళ్ళిపోయింది. ఆటో కదిలాక ఆయన గభాలున వెనక్కి తిరిగారు.

"ఏంటండీ?" అన్నాను.

"ఒకరు తగ్గారు."

"ఆవిడ దిగిపోయిందండి. ఇప్పుడే కదా."

"ఆ, దిగిపోయింది," అని ఇంకోసారి అందరి తలలూ చూసుకుని ముందుకు తిరిగారు.

ఫిబ్రవరి నుంచీ ఇదే వరస. రైల్లో కూర్చున్నా, హోటల్లో బల్ల ముందు కూర్చున్నా మనుషుల్ని లెక్కపెట్టుకోవడం. లెక్కలు చెప్పేది నేను. ఆయన ఇంగ్లీషు పంతులు.

మేం పదకొండేళ్ళుగా మాల్దీవుల్లో ఒక చిన్న దీవి బళ్ళో పనిచేస్తున్నాం. నడక మొదలుపెడితే నలభై నిమిషాల్లో దీవి చుట్టూ తిరిగి మళ్ళీ మన గుమ్మం ముందుకే వస్తాం. మంగళవారం సరుకుల పడవ వస్తుంది. అందులో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు ఉంటాయి, ఎప్పుడైనా వంకాయలు. పెయింటు డబ్బాలో నేను పెంచిన మొక్క నుంచి కరివేపాకు కోసం దీవిలో ఉన్న నాలుగు మలయాళీ కుటుంబాలూ నా దగ్గరికే వచ్చేవి. శుక్ర, శనివారాలు సెలవు. సెలవొస్తే పక్క దీవులకి పోయేవాళ్ళం. ఒక ఏడు కొలంబో, ఇంకో ఏడు కాండీ కొండలు చూసొచ్చాం. మాకు పిల్లల్లేరు. సాయంత్రం లెక్కలు చెప్పించుకోడానికి వచ్చే పిల్లలు వరండా నిండా కూర్చునేవాళ్ళు, ఊరి నుంచి తెచ్చిన తేగలు తినడం ఆయన వాళ్ళకి నేర్పారు.

ఫిబ్రవరిలో ఏడో తరగతి పిల్లల్ని దగ్గర్లో ఉన్న ఇసక తిన్నెకి విహారానికి తీసుకెళ్ళారు. నేను జ్వరమొచ్చి ఇంట్లో ఉండిపోయాను. ఆయనా, ఆ ఊరి టీచరు ఒకామే వెంట వెళ్ళారు. ఇరవైరెండు మంది పిల్లలు వెళ్ళారు, ఇరవైఒక్క మంది తిరిగొచ్చారు. మరియం అనే పిల్లని సముద్రం లాగేసింది. రెండో రోజు దొరికింది.

"నీళ్ళు ఒక్కసారిగా తిరిగి లోపలికి లాగేశాయి దుర్గా. పడవవాడు ముందే చెప్పాల్సింది. చెప్పలేదు," అన్నారు ఆయన నాతో. బడివాళ్ళ విచారణలోనూ అదే చెప్పారు. పడవ నడిపింది మూసా. పదకొండేళ్ళుగా మా బియ్యం బస్తాలు జెట్టీ నుంచి మోసుకొచ్చి వంటింట్లో దించినవాడు. అతని లైసెన్సు ఆపేశారు. పూర్తి విచారణ జూన్‌లో ఉంటుందనీ, అందాకా సెలవు మీద వెళ్ళమనీ మా ఆయనకి చెప్పారు. నేనూ సెలవు పెట్టి వెంట వచ్చేశాను.

ఉప్పాడలో ఉండేది మా బావగారు, అంటే ఆయన అన్నయ్య వీరబాబు, తోడికోడలు బేబీ, వాళ్ళమ్మాయి హారతి. సముద్రం మీద బతికే కుటుంబం. ఆ ఇంట్లో వల పట్టకుండా పుస్తకం పట్టింది మా ఆయనొక్కరే. మొదట్లో వాళ్ళ ఇల్లు ఒడ్డు నుంచి మూడో వరసలో ఉండేది. ముందున్న రెండు వరసల్నీ సముద్రం తీసుకుపోయింది. ఇప్పుడు పెరటి గోడ దాటితే రాళ్ళు, రాళ్ళు దాటితే నీళ్ళు. పోటు సమయంలో కెరటం రాళ్ళని కొడితే వంటింట్లో గిన్నెలు కదిలేవి.

"ఆ పిల్ల సంగతి మా వాళ్ళతో అనకు. సెలవులకి వచ్చామని చెప్పు," అని రైల్లోనే ఆయన నా దగ్గర మాట తీసుకున్నారు.

పది రోజులు గడిచాయి. పదో రోజున కూడా ఆయన సముద్రం వైపు ఉన్న తలుపు తెరవలేదు. మంచం వీధి వైపు వేసుకున్నారు. ఒక పొద్దున హారతి చెంబూ బట్టలూ పక్కన పెట్టి రాళ్ళ అవతల నీళ్ళలో నిలబడి కాళ్ళు కడుక్కుంటోంది. ఆయన ఎలా చూశారో, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తి, దాని జబ్బ పట్టుకుని బరబరా ఒడ్డుకి ఈడ్చుకొచ్చారు. రాయి గీసుకుని పిల్ల మోకాలు చీరుకుపోయింది.

"బాబాయ్, మోకాలి లోతే కదా," అంది హారతి ఏడుపు ఆపుకుంటూ. పదహారేళ్ళ పిల్ల, పుట్టిందగ్గర్నుంచీ ఆ నీళ్ళలోనే పెరిగింది.

ఆయన చేతులు చంకల్లో దాచుకుని లోపలికి పోయారు. మా బావగారు అరుగు మీద నుంచి అంతా చూశారు. సాయంకాలం నేను బట్టలు తీస్తుంటే పక్కకొచ్చి నిలబడ్డారు.

"ఏం జరిగిందమ్మా అక్కడ?"

మాటిచ్చాను కానీ, బావగారి కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పలేకపోయాను. నాకు తెలిసినంతా చెప్పాను. బావగారు మధ్యలో ఒక్కసారే అడ్డొచ్చారు.

"పడవాడు ఆ దీవిలోనే పుట్టినోడా?"

"ఆయ్, అక్కడివాడేనండి. వాళ్ళ నాన్నా పడవ నడిపినాయనే."

"ఊఁ," అన్నారు. నీళ్ళకేసి ఒకసారి చూసి వెళ్ళిపోయారు.

మే మొదటి వారంలో నా ఫోనుకి శియామా నుంచి మెసేజి వచ్చింది. శియామా మూసా కూతురు. నా దగ్గర పదో తరగతి దాకా లెక్కలు నేర్చుకుంది, ఇప్పుడు దీవి ఆఫీసులో గుమాస్తా. ఇంగ్లీషులో రాసింది. చక్కటి ఇంగ్లీషు, మా ఆయన నేర్పిందే.

"మిస్, బాగున్నారా? నాన్న రోజూ జెట్టీ మీద కూర్చుంటున్నాడు. ఎవరూ పలకరించడం లేదు. మొన్న మసీదు దగ్గర ఎవరో మొహం మీదే అన్నారట, అప్పట్నుంచి ప్రార్థనకి కూడా ఇంట్లోనే. మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. ఆ రోజు పడవ దగ్గర నాన్న ఏం చెప్పాడో సర్ మీతో ఎప్పుడైనా అన్నారా? అవునో, లేదో, ఒక్క మాట చాలు."

'లేదు' అని రాయబోయాను. అప్పటికి అదే నిజం. కానీ వేలు ఆగిపోయింది. ఆ పిల్ల 'ఏమైనా చెప్పాడా' అని అడగలేదు, 'ఏం చెప్పాడో' అని అడిగింది. ఫోను బోర్లా పెట్టి బియ్యం ఏరడానికి కూర్చున్నాను.

ఆ వారంలోనే సముద్రం పెరటి గోడలో ఒక మూల పడగొట్టింది. పట్టపగలు, మేమంతా భోజనాలు చేస్తుండగా. బేబీ అక్కకి భయం పట్టుకుంది. ఇంట్లో ఏదో కీడు తిరుగుతోందనీ, అన్నవరం వెళ్ళి మేమిద్దరం పీటల మీద కూర్చుని వ్రతం చేసుకోవాలనీ పట్టుబట్టింది. మా ఆయన వద్దనలేదు. దేనికీ వద్దనడం మానేసి అప్పటికి చాలా రోజులైంది.

కొండ మీద ఎండ మండిపోతోంది. వ్రత మండపంలో మాతోపాటు ఇంకో నలభై జంటలు కూర్చున్నాయి. మండపంలోకి వెళ్ళగానే ఆయన పెదవులు కదపడం చూసి, జంటల్ని లెక్కపెడుతున్నారని గ్రహించాను. పంతులుగారు ఒక్కొక్క కథే చెప్పుకుంటూ వచ్చారు. నాలుగో కథలో, వర్తకుడు తన పడవలో ఉన్నవి ఆకులూ తీగలేనని అబద్ధం చెప్పే చోటికి వచ్చారో లేదో, మా ఆయన కండువా ముడి విప్పేసుకుని లేచారు.

"ఏంటండీ, ఇంకా ఉంది కదా," అని చెయ్యి పట్టుకున్నాను.

"ఊపిరాడటం లేదు దుర్గా."

"బాబూ, మధ్యలో లేవకూడదండి. రెండు నిమిషాలు కూర్చోండి," అన్నారు పంతులుగారు. ఆయన వినిపించుకోలేదు. జంటల మధ్య నుంచి దారి చేసుకుంటూ మెట్ల వైపు వెళ్ళిపోయారు. నేను ఒక్కదాన్నే పీట మీద, పక్కన ఖాళీ పీటతో కథ చివరిదాకా విన్నాను. వెనక కూర్చున్న బేబీ అక్క ఏడుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. బస్సులో ప్రసాదం ఆయన చేతిలో పెడితే, కాసేపు పట్టుకుని తిరిగి నా కొంగులో పెట్టేశారు.

ఆ తర్వాత నాలుగైదు రోజులకి బావగారు ఆయన్ని ఒడ్డుకి పిలిచారు. "రారా, వల బాగుచేద్దాం. మర్చిపోయావో లేదో చూద్దాం," అన్నారు నవ్వుతూ. వేట లేని రోజుల్లో మగవాళ్ళందరి పనీ అదే. బోటు నీడలో అన్నదమ్ములిద్దరూ కూర్చున్నారు. నేను టీ తీసుకెళ్ళేసరికి ఆయన చేతులు చకచకా ముడులు వేస్తున్నాయి. ఫిబ్రవరి తర్వాత ఆయన్ని అంత కుదురుగా చూడటం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

బావగారు టీ గ్లాసు అందుకుని, తల ఎత్తకుండానే అడిగారు.

"తమ్ముడూ, నాకొకటి అర్థం కాలేదురా. ఇసక తిన్నె దగ్గర నీళ్ళు ఎప్పుడు తిరుగుతాయో మనకి ఇక్కడ పసిపిల్లాడు చెప్తాడు. ఆ పడవాడు అక్కడే పుట్టినోడు. వాడికి తెలీకుండా ఉంటాదా?"

ఆయన ముడి వేస్తూనే ఉన్నారు.

"తెలిస్తే చెప్పకుండా ఉంటాడా, అంతమంది పిల్లలు ఉండగా?"

ముడి పడింది. ఆయన దాన్ని పంటితో బిగించి తర్వాతి కన్నం వెతుక్కున్నారు.

"చెప్పాడు గదరా?" అన్నారు బావగారు, చాలా మెల్లగా.

పక్క బోటు మీద ఎవరో మేకు కొడుతున్నారు. ఆయన వల ఒడిలోంచి తీసి ఇసక మీద పెట్టి, లేచి, ఇంటి వైపు నడిచారు. బావగారు టీ తాగలేదు. గ్లాసు నా చేతికిచ్చి, ఆయన వదిలేసిన చోట నుంచి ముడులు వెయ్యడం మొదలుపెట్టారు. ఆ రోజు నుంచి జూన్ దాకా ఆ ఇంట్లో అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడటం నేను వినలేదు. పోట్లాడుకోనూ లేదు. ఒకరు భోజనానికి వస్తే ఇంకొకరు లేచేవారు.

నేను ఆయన్ని అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది, తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి. ఆ భయం నాకుంది.

మే నెలాఖరున ఆయన నన్ను రాజమండ్రి బయల్దేరదీశారు. ఒమన్‌లో ఒక బడికి భార్యాభర్తలు ఇద్దరూ టీచర్లుగా కావాలట, రాజమండ్రిలో వాళ్ళ ఏజెన్సీ దగ్గర ఇంటర్వ్యూ. నాకు ముందు రోజే చెప్పారు. ఇంటర్వ్యూ బాగానే అయింది. బయటికొచ్చే ముందు ఇచ్చిన ఫారాలు నింపాం. 'ఏదైనా విచారణ జరుగుతోందా' అన్న చోట ఆయన 'లేదు' అని రాయడం చూశాను. నా ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకుని అందులోనూ 'లేదు' అని తనే రాశారు.

బస్సుకి ఇంకా టైముందని గోదావరి గట్టు మీదికి వెళ్ళాం. వేసవి కదా, నీళ్ళు లోపలికి పోయి ఇసక మేటలు బయటపడ్డాయి. ఘాట్ మెట్ల మీద నీడ చూసుకుని కూర్చున్నాం. వంతెన మీద రైలు వెళ్తోంది. అది పూర్తిగా దాటేదాకా ఆగి, నేనేమీ అడక్కుండానే చెప్పారు.

"మూసా రెండుసార్లు చెప్పాడు."

నేను ఆయన వైపు తిరగలేదు.

"మొదటిసారి పదకొండున్నరకి. నీళ్ళు తిరుగుతాయి సర్, పిల్లల్ని ఎక్కించేద్దాం అన్నాడు. వాళ్ళింకా ఆటలో ఉన్నారు. అరగంట ఆగుదామన్నాను. అరగంటకి మళ్ళీ వచ్చాడు. ఈసారి నా చెయ్యి పట్టుకున్నాడు. నేనూ సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణే మూసా, నాకు తెలీదా అన్నాను. నవ్వాను కూడా. ఆ టీచరు అవతలి వైపుంది, ఆమెకి వినపడలేదు."

"మరి వాళ్ళు అడిగినప్పుడు?"

"అప్పటికింకా పిల్ల దొరకలేదు దుర్గా. పడవవాడు హెచ్చరించాడా అని అడిగారు. లేదు అన్నాను. ఆ ఒక్క మాట నోట్లోంచి రాగానే గదిలో ఉన్నవాళ్ళంతా మూసా వైపు తిరిగారు. ఇంక దాన్ని వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు." మెట్టు మీద ఇసక దులుపుతూ, "నిజం చెప్తే నిన్నూ పంపేసేవాళ్ళు. నీ గురించి కూడా ఆలోచించాను," అన్నారు.

ఆ చివరి మాట లేకపోతే నాకు ఆయన మీద జాలి ఒక్కటే కలిగేదేమో. ఒక మనిషిని ఊరంతా వెలేస్తుంటే ఆ పాపంలో నాకూ వాటా పెట్టారు, నన్ను అడక్కుండా. కానీ నేను లేచి, "బస్సుకి టైమైందండి," అన్నాను. ఇంటికొచ్చాం. ఆ తర్వాత రెండు వారాల పైన నేనూ ఏమీ తెలియనట్టే ఉన్నాను. శియామా మెసేజి ఫోనులో అలాగే ఉంది. మూసాని జెట్టీ మీద కూర్చోబెట్టినవాళ్ళలో ఆ రోజుల్లో నేనూ ఒకదాన్ని.

జూన్ పద్నాలుగుతో నిషేధం తీరింది. పదిహేనో తారీఖు పొద్దున్నే ఒడ్డంతా తిరనాళ్ళలా ఉంది. బోట్లకి పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు, ముక్కుకి నిమ్మకాయలు కట్టారు. మొదటి వేటకి వెళ్ళే ముందు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాలి. తమ్ముడు ఊళ్ళో ఉంటే బావగారి బోటు మీద ఆ కాయ కొట్టేది ఎప్పుడూ తమ్ముడే. ఆ పొద్దున మా ఆయన తెల్ల చొక్కా వేసుకుని, ఎన్ని రోజుల తర్వాతో సముద్రం వైపు తలుపు తీసి, బోటు దాకా నడిచి వెళ్ళారు. నీళ్ళు పాదాలకి తగులుతున్నా నిలబడ్డారు.

బావగారు బోటుకి కర్పూర హారతిచ్చి, కొబ్బరికాయ చేతిలోకి తీసుకున్నారు. మా ఆయన చెయ్యి చాపారు. బావగారు ఆ చేతిని చూశారు. చూసి, పక్కింటి గంగయ్యని పిలిచి కాయ అతని చేతిలో పెట్టారు.

"కొట్టు గంగయ్యా."

గంగయ్య తెల్లబోయి ఇద్దరి మొహాలూ చూసి, కాయ కొట్టాడు. బోటు నీళ్ళలోకి తోసేటప్పుడు మా ఆయన కూడా వెళ్ళి భుజం ఆనించారు. బోటు కదిలి వెళ్ళిపోయాక, నడుం లోతు తడిసిన తెల్ల చొక్కాతో ఆయనొక్కరే మిగిలారు.

నేను పెరటి మెట్ల మీద కూర్చుని ఫోను తీశాను. 'అవును. మీ నాన్న రెండుసార్లు హెచ్చరించాడని సర్ నాతో చెప్పారు' అని రాసి పంపాను. అటువైపు చూసినట్టు గుర్తు పడింది, జవాబు మాత్రం రాలేదు.

మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నాక చెప్పాను.

"శియామాకి రాశానండి."

"ఏమని?"

"ఆ రోజు మూసా ఏం చెప్పాడో మీరు నాతో అన్నారా అని అడిగింది. అవునన్నాను, రెండుసార్లు హెచ్చరించాడని రాశాను."

ఆయన అన్నం కలుపుతూ ఆగారు. నా మీద అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఎల్లుండే కదా విచారణ," అన్నారు.

"ఆయ్."

"ఇంక నేను చెప్పేదేముంది మరి?"

"నేను రాసింది నా మాటండి. మీరు చెప్పాల్సింది మీరే చెప్పాలి."

ఆయన పళ్ళెంలో ఉన్నదంతా తిన్నారు. చెయ్యి కడుక్కుని వీధి వైపు మంచం మీద పడుకున్నారు.

విచారణ వీడియోలో. ఉప్పాడలో సిగ్నలు సరిగా ఉండదని పిఠాపురంలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో గది మాట్లాడుకున్నాం. నన్ను బయట కూర్చోమన్నారు. గాజు తలుపు మీద రంగు కాగితం అంటించి ఉంది, లోపల ఆయన తల నీడ మాత్రం కనపడుతోంది. పరీక్షల హాల్‌టికెట్లు ప్రింటు తీయించుకోడానికి వచ్చిన పిల్లలతో బయట గోలగా ఉంది. యాభై నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి ఆయన రెండు చేతులూ మొహానికి అడ్డుపెట్టుకోవడం నీడలో తెలిసింది. బయటికొచ్చి సోడా అడిగి తాగారు.

"చెప్పారా?" అన్నాను.

"అడిగినవాటికి చెప్పాను," అన్నారు. నిజం చెప్పారో, నేను రాసింది అబద్ధమని చెప్పారో ఆ మాటలో తెలియలేదు. నేను సోడాకి డబ్బులిచ్చాను.

మర్నాడే ఒమన్ నుంచి ఇద్దరికీ ఉద్యోగం ఖాయమైందని మెయిలు వచ్చింది. ఆయన చదివి ఫోను జేబులో పెట్టుకున్నారు. నాలుగో రోజున బజారుకెళ్ళి పెట్టెకి కొత్త తాళం కొనుక్కొచ్చారు. చొక్కాలు ఇస్త్రీకి ఇచ్చారు. టిక్కెట్టు తీశానన్నారు, ఒక్కళ్ళకే. వంటింట్లో కూర తరుగుతూ విన్నాను. కత్తి కింద పెట్టి బయటికొచ్చాను.

"ఎక్కడికండీ?"

"త్రివేండ్రానికి."

ఒమన్ వెళ్ళాలంటే హైదరాబాదు. త్రివేండ్రం నుంచి మేం పదకొండేళ్ళూ ఎక్కింది మాల్దీవుల విమానమే. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"రమ్మన్నారు. నేను చెప్పినదాని మీద కేసు పెడతారట," అన్నారు. "నువ్వు రాకు. నీకు అక్కడ ఇంక పనుండదు. కాంట్రాక్టు ఇద్దరిదీ తీసేశారు."

ఆ సాయంత్రం శియామా రాసింది. "మిస్, సర్ అంతా చెప్పారు. వాళ్ళు అడక్కముందే చెప్పారు. మీ మెసేజి నేను ఎవరికీ చూపించలేదు. చూపించే అవసరం రాలేదు."

సామర్లకోట స్టేషనుకి బావగారు కూడా వచ్చారు. మేం పిలవలేదు. వేట నుంచి వచ్చినవారు వచ్చినట్టే, ఉప్పు మరకల చొక్కాతో వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారు. రైలు రాగానే తమ్ముడి పెట్టె తనే ఎత్తి లోపల సీటు కింద పెట్టారు. దిగేటప్పుడు, "వానాకాలం. అక్కడ పడవెక్కాలి గదా. చూసుకో," అన్నారు. మా ఆయన తల ఊపారు. రైలు కదిలింది.

ఏడాదిన్నర శిక్ష వేశారు, నిర్లక్ష్యానికీ అబద్ధపు సాక్ష్యానికీ కలిపి. మూసా లైసెన్సు తిరిగిచ్చారు. ఉప్పాడ ఇంటి పెరడు ఆగస్టులో పూర్తిగా పోయింది. అందరం కొత్తపల్లి దగ్గర అద్దె ఇంట్లోకి మారాం, బావగారు అక్కడి నుంచే వేటకి వెళ్తున్నారు. నేను పిఠాపురంలో ఒక ప్రైవేటు బళ్ళో చేరాను. పిల్లలు 'మేడమ్' అంటారు, 'మిస్' అని అలవాటైన చెవికి ఇంకా వింతగానే ఉంటుంది. బళ్ళో మా ఆయన గురించి అడిగితే ఉన్నదున్నట్టు చెప్తాను. కొంతమంది ఆ తర్వాత నాతో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశారు.

శుక్రవారం శుక్రవారం జైలు నుంచి ఆయన్ని పది నిమిషాలు ఫోను చేసుకోనిస్తారు. ఏం తిన్నారో, ఏం చదివారో చెప్తారు. పోయిన శుక్రవారం మాత్రం అవేవీ చెప్పలేదు. నేను ఫోను ఎత్తగానే, "మరియం వాళ్ళమ్మ వచ్చింది," అన్నారు.

"ఏమందండీ?"

"తిట్టలేదు. ఏడవనూ లేదు. ఆ రోజు తను పొద్దున్నే లేచి చేపల పఫ్‌లు చేసి డబ్బా కట్టి ఇచ్చిందట. పిల్ల తిన్నదా అని అడిగింది. ఆ ఒక్కటీ తెలుసుకోడానికే రెండు దీవులు దాటి వచ్చింది."

"మీరేమన్నారు?"

"తిన్నదని చెప్పాను."

నిజంగానేనా అని అడగబోయి ఆపుకున్నాను. కానీ పద్దెనిమిదేళ్ళు కలిసి బతికినవాళ్ళం, నేను ఆపుకున్నది ఆయనకి వినపడింది.

"నిజంగానే తిన్నది దుర్గా," అన్నారు. "నేను చూశాను."